బంతికి పెట్టిన బొట్టు

పోయిన దసరా దాకా రెండేళ్ళ పాటు మా వీధిలో ఎవరు నా సంగతి అడిగినా మా అత్త రంగనాయకమ్మ ఒకే మాట చెప్పేది. "గుండ్లకు పోతాది." అంతే. ఆ గుండ్లేమిటో ఆమె చెప్పేది కాదు, వాళ్ళు అడిగేవాళ్ళూ కాదు. ధర్మవరంలో పట్టు నేసే ఇంటి కోడలు రోజూ రైలెక్కి పెనుకొండకు రాళ్ళు మోయడానికి పోతోందని సగం వీధి జాలిపడింది. అసలు సంగతి తెలిసిన మిగతా సగం, ఆడుకునేదానికి కూడా జీతమిస్తారా అని నవ్వుకుంది.

పెనుకొండ దాటాక హైవే పక్కన ఒక హోటలుంది. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే కొరియావాళ్ళ కోసం కట్టారు. దాని కింది అంతస్తులో నాలుగు లేన్ల బౌలింగ్ సెంటరు. లేన్ అంటే నున్నటి చెక్క బాట. ఈ కొసన నిలబడి బరువైన బంతిని దొర్లిస్తే, ఆ కొసన నిలబెట్టిన పది పిన్నులు పడాలి. నేను చేరింది కౌంటరులో. వచ్చినవాళ్ళకు కాలి కొలత చూసి బూట్లివ్వడం, ఆట అయ్యాక ఆ బూట్లలో వాసన మందు కొట్టడం నా పని. పొద్దున్నే లేన్లకు నూనె పట్టించే యంత్రాన్ని తోలేది కూడా నేనే. నూనె పట్టించి పట్టించి, అసలు దీని మీద బంతి ఎలా పోతుందో చూద్దామని ఒకరోజు నేనే ఒక బంతి వేశాను. అది లేన్ పక్కనున్న కాలువలో పడింది. నాకు రోషం వచ్చింది. ఆ రోషం రెండేళ్ళయినా తగ్గలేదు.

ఇంట్లో చిక్కు మగ్గం దగ్గరుంది. మేం నేసేది పెద్దంచు పట్టుచీర. అది ఒంటిమనిషి పని కాదు. మా ఆయన సాయినాథ్ నడుమ కూర్చుంటే, కుడి పక్కన కూర్చుని అంచు పోగును మోసే నాడె విసిరే మనిషి ఇంకొకరు కావాలి. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ చోటు నాది. నేను పెనుకొండకు పోవడం మొదలుపెట్టాక నాగక్క అనే ఆమెను కూలికి పెట్టుకున్నాం. పోయిన శ్రావణంలో నాగక్క కూతురి కాన్పని ఓబులదేవరచెరువు పోయింది. మనవణ్ణి ఎత్తుకున్నాక ఇక రానని కబురు పంపింది. అంచు వేయడం వచ్చిన మనిషి ధర్మవరంలో ఖాళీగా దొరకదు. మగ్గం ఆగితే మా ఇల్లు ఆగుతుంది. ఇక గుండ్లకు నీళ్ళొదులుకుని నా చోట్లో నేను కూర్చోవాల్సిందే అనుకున్నాను.

సరిగ్గా ఆ వారమే మా మేనేజరు బసవరాజు ఒక కబురు మోసుకొచ్చాడు. హిందూపురం మనిషి. నోరు పెద్దది, మనసు మెత్తనిది. మాటల్లో సగం కన్నడం దొర్లుతుంది. దసరా తర్వాత ఆదివారం బెంగళూరులో ఆడవాళ్ళ పోటీ ఉందట. అందులో మొదటి ఎనిమిది మందికి కోచ్ శిక్షణ ఇస్తారట. మా సెంటరుకు కొరియావాళ్ళ భార్యలు, పిల్లలు ఎక్కువ వస్తున్నారు కాబట్టి ఆడ కోచ్ కావాలని ఓనరు పట్టుబట్టాడు. నేను ఆ ఎనిమిది మందిలో ఉంటే ఆ ఉద్యోగం నాది. లేకపోతే బెంగళూరు నుంచి ఎవరినో తెస్తారు. కోచ్ జీతం వస్తే అంచు మనిషిని పక్క ఊరి నుంచైనా పిలిపించి, అద్దె గది చూపించి పెట్టుకోవచ్చు. నా లెక్క అది.

ఇంట్లో చెప్పాను. సాయినాథ్ మగ్గం వైపు చూశాడు. ఆయన మంచితనం అంతా ఏమీ అనకపోవడంలోనే ఉంటుంది. మా అత్త గడప దగ్గర కూర్చుని దారం కండెలు చుడుతోంది. మోకాళ్ళ నొప్పులతో ఆమె మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలోకి దిగడం మానేసి చాలా ఏళ్ళయింది. చుట్టడం ఆపకుండానే అంది.

"దసరా దాకా నేను కూర్చుంటాలే. పో."

మర్నాడు పొద్దున ఆమె మగ్గం గుంటలోకి దిగడం చూశాను. ఒక చేత్తో గుంజ పట్టుకుని, ఒక కాలు దించి, కాసేపు ఆగి, రెండో కాలు దించింది. పోటీలో పైకి రాకపోతే, తర్వాతి సోమవారం నుంచి ఈ చోట్లో నేనే కూర్చుంటానని ఆమెకు మాట ఇచ్చాను. ఆమె విన్నట్టే అనిపించింది. నాడె విసిరి చూసుకుంది.

ఆ రెండు నెలల్లో ఒక్కసారైనా ఆమె నా పని గురించి అడగలేదు. సాయంత్రం నేను రైలు దిగి వచ్చేసరికి అన్నం వార్చి ఉండేది. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ గోడవైపు తిరిగి కూర్చునేది. ఆమె కోపంగా ఉంటే బాగుండునని కూడా అనిపించేది. కోపానికైతే జవాబు చెప్పుకోవచ్చు.

నాకు ఆట నేర్పింది పార్క్ మేడమ్. ఫ్యాక్టరీలో కొరియా ఇంజనీరు గారి భార్య. మధ్యాహ్నాలు సెంటరు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చేది. ఆమెకు వచ్చిన తెలుగు మాటలు రెండే: "నిదానం", "చాలు". ఆ రెంటితోనే నా భుజం, నా అడుగు, నా మణికట్టు దారికి తెచ్చింది. చేయి కుదిరాక ఒకరోజు మూడు బంతులు తెచ్చి నా ముందు వరుసగా పెట్టింది. పైకి మూడూ ఒకేలాంటి బంతులు. తేడా అంతా పై పొరలో ఉందని ఇంగ్లీషులో చెప్పింది.

మొదటిది ప్లాస్టిక్. గాజులా నున్నగా ఉంది. నూనె ఉన్నా లేకపోయినా నేరుగా పోతుంది. ఎక్కడో మూలన ఒక్క పిన్ను మిగిలితే దాన్ని కొట్టడానికి దీన్ని మించింది లేదు. రెండోది యురేథేన్. దానికి కాస్త పట్టుంటుంది. ఆడి ఆడి నూనె పలచబడ్డ లేన్ మీద నమ్మకంగా తిరుగుతుంది. మూడోది రియాక్టివ్ రెజిన్. వంకాయ రంగుది. మెరుపు లేకుండా, చేతికి కాస్త గరుకుగా ఉంది. దానికి కంటికి కనబడని రంధ్రాలుంటాయి. అది నూనె తాగుతుంది. తాగుతుంది కాబట్టే చిక్కటి నూనె మీద కూడా దానికి పట్టు దొరుకుతుంది.

అసలు కిటుకంతా ఆ నూనెలోనే ఉంది. లేన్ ముందు భాగమంతా నూనె. అక్కడ బంతి జారుతూ పోతుంది. నూనె అయిపోయిన చోట దానికి పట్టు దొరికి, పక్కకు తిరిగి, పిన్నుల నడిమికి దూసుకుపోవాలి. చిక్కటి నూనె మీద పట్టులేని బంతి వేస్తే అసలు తిరగదు. ఎండిన లేన్ మీద పట్టున్న బంతి వేస్తే తొందరపడి ముందే తిరిగి పక్కకు పోతుంది. అందుకని బంతిని ఎంచుకునే ముందు లేన్‌ను చూడాలి. ఆమె ఇంగ్లీషులో నాకు సగమే అర్థమైంది. మిగతా సగం మగ్గం దగ్గర నేర్చుకున్నదే. పట్టు రేశం రంగు తాగుతుంది, జరీ తాగదు. రెండూ దారాలే.

ఒక్క హెచ్చరిక మాత్రం ఆమె గట్టిగా చేసింది. తాగే బంతికి మంచీ చెడూ తెలియదు, ఏది అంటితే అది తాగుతుంది. అందుకని వేసిన ప్రతిసారీ తుడవాలి. తుడవకుండా ఒక్క రాత్రి ఉంచినా నూనె లోపలికి దిగి, మర్నాటికి ఆ బంతి ప్లాస్టిక్ బంతిలా మొద్దుబారిపోతుంది. ఆ మాట చెప్పి మెత్తని గుడ్డ ఒకటి నా నడుముకు దోపింది.

వినాయక చవితి దాటాక పార్క్ మేడమ్ భర్తకు బదిలీ అయింది. పోయే ముందు ఆ వంకాయ రంగు బంతి నాకిచ్చింది. ఆమె వేళ్ళ కొలతకు తొలిచిన రంధ్రాలు నాకు సరిపోవు కదా. బసవరాజు దాన్ని బెంగళూరు తీసుకుపోయి, వాటిని పూడ్పించి, నా వేళ్ళ కొలతకు మళ్ళీ తొలిపించుకొచ్చాడు. పోటీ జరిగే సెంటరులో నూనె దండిగా పోస్తారని అక్కడే తెలుసుకొచ్చాడు.

"ఆ నూనె మీద ఈ బంతి తప్ప ఇంగేదీ పనికిరాదమ్మా," అన్నాడు. "దీన్ని కంట్లో పెట్టుకోని చూసుకో."

కంట్లో పెట్టుకునే చూసుకున్నాను. నాలుగో లేన్‌కు దండిగా నూనె పట్టించి రోజూ సాధన చేశాను. బంతి జారుతూ జారుతూ పోయి, చివర్లో ఎవరో పిలిచినట్టు పక్కకు తిరిగేది. పదికి పది పిన్నులు పడిన చప్పుడు వింటే ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు.

మహర్నవమికి ముందురోజు నేను రైలుకు బయల్దేరుతుంటే మా అత్త వెనక నుంచి పిలిచింది.

"నీ గుండు ఇంటికి తీసుకురా. రేపు ఆయుధపూజ."

నేను గడప మీదే నిలబడిపోయాను. మా ఇంట్లో ఆయుధపూజ అంటే మగ్గానికి పూజ. నాడెలు, అచ్చు, కండెలు చుట్టే రాట్నం, చీర మీద బుటాలు తీసే జాకార్డు పెట్టె, అన్నీ కడిగి పసుపు కుంకుమలు పెడతారు. ఆ వరుసలో నా బంతిని పెడతానంటోంది. రెండేళ్ళుగా గుండు అని తీసిపారేసిన దాన్ని పనిముట్టు అంటోంది. ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను. ఒక చిన్న కుంకుమ బొట్టుదేముంది, తర్వాత తుడుచుకుంటే పోతుంది అనుకున్నాను. ఆముదం సంగతి నాకు తట్టలేదు. ఏటా నా చేత్తో నేనే గిన్నెలో పోసి ఇచ్చేదాన్ని, అయినా తట్టలేదు.

కొయ్య నాడెలు ఏడాదంతా చేతుల్లో తిరిగి ఎండిపోతాయి. వాటికి పండగనాడు ఆముదం పట్టించి, ఆ తర్వాతే పసుపు పూయడం మా ఇంటి ఆనవాయితీ. నేను పూలు తేవడానికి మార్కెట్టుకు పోయి వచ్చేసరికి మా అత్త మగ్గం ముందు పీట వేసుకుని కూర్చుంది. ఒడిలో నా బంతి ఉంది. చంటిబిడ్డకు తలంటినట్టు, అరచేతి నిండా ఆముదం తీసుకుని దాని ఒళ్ళంతా రుద్దుతోంది. ఇంత గరుకుగా ఎండిపోయి ఉండాదేమ్మే, దీనికెవురూ నూనె పెట్టరా అని నన్నే అడిగింది. నాడెలన్నీ అప్పటికే నిగనిగలాడుతున్నాయి. బంతి మాత్రం ఎంత రాసినా మెరవడం లేదు. మెరవడం లేదని ఆమె ఇంకొంచెం పోస్తోంది.

నా చేతిలో పూలపొట్లం అలాగే ఉండిపోయింది. సాయినాథ్ నా మొహం చూశాడు. ఆయనకు ఈ బంతి సంగతంతా తెలుసు. నోరు తెరవబోయాడు. నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె పసుపు పూసింది. మూడు రంధ్రాలను చూసి రెండు కళ్ళు, ఒక నోరు అనుకుందో ఏమో, ఒక్కో దాంట్లోకి వేలు పెట్టి కుంకుమ అద్దింది. నాడెల పక్కన, అచ్చుకు ముందు, దాన్ని దొర్లిపోకుండా బియ్యం కుప్ప మీద కూర్చోబెట్టింది. టెంకాయ కొట్టి దండం పెట్టుకుంది. పెదవులు కదిలాయి. నా పేరు వినబడింది. మా పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె పూజలో నా పేరు విడిగా వినబడటం అదే మొదలు.

పెళ్ళయిన మొదటి దసరాకు నాడె మీద కుంకుమ చేతికి అంటుతోందని నేను కొంగుతో తుడవబోతే ఆమె నా చేయి పట్టుకుంది. "పనిముట్టుకు పెట్టిన బొట్టు తుడవకూడదు. పని చేస్తాంటే అదే పోవాల" అంది. గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. పైగా పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు విజయదశమి పూజ అయ్యేదాకా కదపరు.

ఆ సాయంత్రం మా అత్త గుడికి పోయింది. నేను నా సంచిలోంచి బంతి తుడిచే మందుసీసా, గుడ్డ తీసుకుని మగ్గం ముందు కూర్చున్నాను. బంతి ఒంటి మీద ఆముదం అప్పటికే సగం ఇంకింది. మిగతా సగం ఇంకా పైనే ఉంది. అప్పుడు తుడిస్తే చాలా వరకు దక్కుతుంది. సాయినాథ్ వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"సుమా, తుడిచెయ్యి. అమ్మకు నేను చెప్తా."

"ఏమని చెప్తావు?"

ఆ గుంటలోకి కాలు దించి ఆగి ఆగి కూర్చున్న మనిషి, రెండేళ్ళకు నా పనిని తన మగ్గం పక్కన కూర్చోబెట్టింది. గుడి నుంచి వచ్చి చూసేసరికి ఆ బంతి శుభ్రంగా, బొట్టు లేకుండా ఉంటే, ఇంకెప్పుడైనా దాన్ని ఒడిలోకి తీసుకుంటుందా? నేను సీసా మూత బిగించి, గుడ్డ మడిచి సంచిలో పెట్టేశాను. లేచి దీపంలో నూనె పోశాను.

విజయదశమి పూజ అయ్యాక ఆమె బంతిని రెండు చేతులా ఎత్తి నాకిచ్చింది. శుక్రవారం సెంటరులో నేను వేసిన మొదటి బంతి లేన్ మీద పొడుగునా పసుపు గీత గీసుకుంటూ పోయింది. బసవరాజు కౌంటరు వెనక నుంచి పరుగెత్తుకొచ్చాడు. బంతిని చేతిలోకి తీసుకుని వాసన చూసి, ఇది ఆముదం కదమ్మా అని నెత్తి పట్టుకున్నాడు. ఇంత దుడ్లు చేసే బంతిని పూజకు ఎవరైనా ఇస్తారా అని కన్నడంలో, తెలుగులో మార్చి మార్చి తిట్టాడు. తిడుతూనే వేడినీళ్ళ బకెట్టు పెట్టాడు. రంధ్రాలకు టేపు అంటించి, బంతిని అందులో ఉంచి తీసి, చెమట పట్టినట్టు బయటికొచ్చిన నూనెను ఇద్దరం తుడిచాం. మళ్ళీ ఉంచాం, మళ్ళీ తుడిచాం. పై పొర శుభ్రమైంది. వంకాయ రంగు మీద పసుపు ఛాయ మాత్రం పోలేదు. లోపల తాగిందాన్ని తీయడానికి బెంగళూరులో పెద్ద యంత్రముంది గానీ దానికి వ్యవధి లేదు. రంధ్రాల లోపలి కుంకుమ మాత్రం నేను తీయలేదు. అది ఆటకు అడ్డం కాదు.

ఆదివారం తెల్లవారి రైలుకు బయల్దేరాను. బసవరాజు హిందూపురంలో ఎక్కాడు. సెంటరు నుంచి పాత యురేథేన్ బంతి ఒకటి సంచిలో వేసుకొచ్చాడు. అవసరం రావచ్చు అన్నాడు, నా మొహం చూడకుండా.

పొద్దుటి ఆటకు లేన్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. నూనె చిక్కగా, లేన్‌లో ముప్పాతిక దాకా ఉంది. నా వంకాయ రంగు బంతి అలాంటి లేన్ కోసమే పుట్టింది. వేశాను. జారింది. తిరగాల్సిన చోటికి వచ్చింది. తిరగలేదు. అలాగే జారుతూ పోయి కుడి పక్క పిన్నులను పడేసి, ఎడమ పక్కవి నిలబెట్టి వచ్చింది. కొంచెం ఇటు జరిగి వేశాను, నెమ్మదిగా వేశాను, దానికి నా గొంతు వినబడలేదు. యురేథేన్ తీసి చూశాను. అంత నూనె మీద అది ఇంకా జారింది. పక్క లేన్ అమ్మాయి నా బొటనవేలు చూసి, రక్తం వస్తోందా అక్కా అని అడిగింది. కాదు, కుంకుమ అన్నాను. ఆ అమ్మాయి మంచిది, ఇంకేమీ అడగలేదు. పొద్దుటి ఆట ముగిసేసరికి నా పేరు పట్టిక అడుగున ఉంది.

మధ్యాహ్నం అంతా మారింది. అన్ని బంతులు తిరిగి తిరిగి నూనె పలచబడింది. పొద్దున గెలిచినవాళ్ళ బంతులు తొందరపడి ముందే తిరగడం మొదలుపెట్టాయి. నేను వంకాయ రంగు బంతిని సంచిలో పెట్టి, యురేథేన్ తీసుకున్నాను. ఆ ముసలి బంతి నా మాట విన్నది. ఒకటి తర్వాత ఒకటి పిన్నులన్నీ పడ్డాయి. ఆఖరికి మిగిలిన ఒంటి పిన్నులకు అక్కడి ప్లాస్టిక్ బంతి ఎత్తుకున్నాను. బసవరాజు కుర్చీ మీద నిలబడి చూస్తున్నాడు. నా పేరు పట్టికలో పైకి పాకుతూ వచ్చింది. ఆఖరి బంతి వేసి వెనక్కి తిరిగేసరికి తొమ్మిదో చోట ఆగి ఉంది.

బాధ లేదని అబద్ధమెందుకు చెప్పను. తిరుగు రైల్లో బసవరాజు హిందూపురంలో దిగిపోయాడు. బంతి సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. పెనుకొండలో రైలు ఆగినప్పుడు, రేపటి నుంచి ఇక్కడ దిగను కదా అనిపించింది. తుడిచి ఉంటే ఎనిమిదిలో ఉండేదాన్నే. ఆ సంగతి నాకు తెలుసు. మా అత్త మీద కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. నా మీద కూడా రాలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

ఇంటికొచ్చి, రాలేదత్తా అని చెప్పాను. ఆమె సరేలే అంది. అన్నం పెట్టింది. నేను తిని పడుకున్నాను. సాయినాథ్, ఆమె అరుగు మీద ఏదో మాట్లాడుకోవడం వినబడింది గానీ ఏమిటో తెలియలేదు.

సోమవారం పొద్దున ఇచ్చిన మాట ప్రకారం ముందే లేచి, స్నానం చేసి, మగ్గం గుంటలోకి దిగి కుడి పక్క కూర్చున్నాను. నాడె చేతిలోకి తీసుకున్నాను. దాని మీద బొట్టు ఇంకా సగం ఉంది. మా అత్త వాకిలి ఊడ్చి లోపలికి వచ్చింది. ఒక పాత పట్టుచీర ముక్క చేతిలో ఉంది. నా వైపు చూడకుండా పోయి, మూలనున్న సంచిలోంచి బంతి తీసుకుని పీట మీద కూర్చుంది. దాన్ని ఒడిలో పెట్టుకుంది.

"ఇది తాగే గుండంట కదా. వాడు చెప్పినాడు నిన్న."

నేను తల దించుకున్నాను.

"తుడుచుకోని ఉండొచ్చు కదమ్మే."

"పెట్టిన బొట్టు తుడవకూడదని నువ్వే చెప్పింటివి కదత్తా."

ఆమె చీరముక్క కొస మెలిపెట్టి, బొటనవేలి రంధ్రంలోకి పోనిచ్చి తిప్పింది. బయటికి తీసి ఎర్రబడిన కొసను చూసుకుంది.

"పదకొండేండ్లు అంచు వేసినావు. పండగ మర్నాడు నేసిన చీర యాదానికన్నా కుంకుమ అంటిందా?"

ఆలోచించాను. అచ్చు అంటే మగ్గం మీద పోగులన్నిటినీ వరుసలో పట్టి ఉంచే దువ్వెన లాంటిది. దాని పళ్ళ మీదుగానే ప్రతి పోగూ పోతుంది. ఏటా దానికి బారున కుంకుమ బొట్లు పెడతాం. మర్నాడు తెల్లటి పడుగు మీద నేసినా ఒక్క మరకైనా అంటింది లేదు. ఎందుకు అంటలేదో నేను ఎప్పుడూ అడగలేదు.

"నాడెకు పెట్టిన బొట్టు పనిలో పోతాది," అంది మా అత్త. "అచ్చుకు పెట్టింది తుడవకుంటే చీర పోతాది. మీరు లేచే లోపల ఏటా నేనే తుడుస్తాండా. మా అత్తా తుడిచేది. పనికి అడ్డం రానంతవరకే బొట్టు. నీకు చూపించాల్సింది. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

రెండో రంధ్రం, మూడో రంధ్రం కూడా తుడిచింది. నేను లేచి గుడ్డ అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"నేను పెట్టింది. నేనే తీస్తా."

బంతిని సంచిలో పెట్టి మూతి బిగించింది. లేచి, మోకాలి మీద చేయి ఆనించుకుంటూ గుంట దగ్గరికొచ్చి నిలబడింది. నన్ను లెమ్మని చేత్తో సైగ చేసింది. నేను కదల్లేదు. మాట ఇచ్చింది నేను. ఆమె కాళ్ళు చూస్తున్నది నేను.

"దసరా అయిపోయినాది కదత్తా. దసరా దాకా అనే కదా నువ్వు కూర్చునింది?"

"దసరా దాకా అనింటి," అంది గుంజ పట్టుకుని, ఒక కాలు గుంటలోకి దించి, ఆగి. "ఏ దసరా అని అనింటినా?"

నేను లేచాను. ఆమె రెండో కాలు దించడానికి నా భుజం పట్టుకుంది. నా చేతిలోంచి నాడె తీసుకుంది. సాయినాథ్ వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. స్టేషన్ వైపు నుంచి పెనుకొండ రైలు కూత వినబడింది. నేను సంచి భుజాన వేసుకుని చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాను. వీధి మలుపులో ఎవరో యాడికి పోతాండావే అని అడిగారు.

"గుండ్లకు," అన్నాను.